అంచనా, విశ్లేషణ: విశ్వవిద్యాలయ విద్యార్థి పరిశోధన

మొత్తాన్ని కొలవడం సాధ్యం కానప్పుడు అందులో కొంత భాగాన్ని మాత్రమే కొలిచి, ఆ కొలతల ఆధారంగా మొత్తం గురించి ఒక సంఖ్యను నిర్ణయించి, ఆ సంఖ్య ఎంత మేరకు తప్పి ఉండవచ్చో కూడా లెక్కగట్టి చెప్పడాన్ని గణాంక శాస్త్రంలో అంచనా అంటారు. ఏ సమూహం గురించి తెలుసుకోవాలో దానిని సమష్టి అనీ, అందులోనుంచి ఎంచుకున్న భాగాన్ని నమూనా అనీ, సమష్టికి సంబంధించి తెలియకుండా ఉన్న సంఖ్యను పరామితి అనీ, నమూనాలోని కొలతలను పరామితికి దగ్గరి విలువగా మార్చే గణిత నియమాన్ని అంచనా సూత్రం అనీ వ్యవహరిస్తారు. విశ్లేషణ అంటే ఆ కొలతల మధ్య సంబంధాలను వెదికి, కనిపించిన తేడా నిజమైనదా, యాదృచ్ఛికంగా ఏర్పడినదా అని తేల్చడం. వ్యవసాయం, వైద్యం, ఖగోళశాస్త్రం, నీటిపారుదల, అర్థశాస్త్రం, వన్యప్రాణి సంరక్షణ వంటి అనువర్తిత రంగాలన్నింటిలోనూ నేడు విద్యార్థులు సమర్పించే పరిశోధన గ్రంథాల్లో ఎక్కువ భాగం ఏదో ఒక రూపంలో ఈ రెండు పనులే చేస్తున్నాయి.

ఈ శాస్త్ర చరిత్రను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. దీని పునాది సూత్రాల్లో చెప్పుకోదగినన్ని, పేరు గడించిన ఆచార్యులు తీరిక వేళల్లో ఊహించినవి కావు. పాతికేళ్ల వయసు చుట్టుపక్కల ఉన్న విద్యార్థులు, పరిశోధకులు ఒక ఆచరణాత్మక సమస్య ఎదురైనప్పుడు, చేతిలో ఉన్న కొద్దిపాటి కొలతలను ఎంతవరకు నమ్మవచ్చో తేల్చుకోవలసి వచ్చి కనుగొన్నవి.

చిన్న నమూనాల సమస్య

డబ్లిన్ నగరంలోని గిన్నిస్ బీరు కర్మాగారంలో 1899లో రసాయన శాస్త్రవేత్తగా చేరిన విలియం సీలీ గాసెట్‌కు బార్లీ, హాప్స్ నాణ్యతపై చేసే ప్రయోగాల్లో నాలుగైదు కొలతలకు మించి దొరికేవి కావు. అప్పటి సిద్ధాంతాలన్నీ వందల కొలతలు ఉంటేనే చెల్లేవి. 1906-07లో ఆయన లండన్ యూనివర్సిటీ కాలేజీలో గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్ ప్రయోగశాలలో చదువుకుంటూ ఈ సమస్యపై పనిచేశాడు. ఉద్యోగులు సొంత పేర్లతో వ్యాసాలు ప్రచురించడానికి గిన్నిస్ సంస్థ అనుమతించనందువల్ల 1908లో ‘స్టూడెంట్’ అనే కలం పేరుతో బయోమెట్రికా పత్రికలో, చిన్న నమూనాలకూ చెల్లే తన సూత్రాన్ని వెల్లడించాడు. ఆయన వాడిన తనిఖీ పద్ధతి గమనించదగినది. మూడు వేలమంది నేరస్థుల ఎత్తు, మధ్యవేలి పొడవుల కొలతలను అట్టముక్కలపై రాసి, బాగా కలిపి, నాలుగేసి చొప్పున 750 చిన్న నమూనాలుగా విడదీసి, ప్రతి నమూనాకూ సగటు లెక్కగట్టి, వచ్చిన ఫలితాలు తన సూత్రంతో సరిపోతున్నాయో లేదో సరిచూశాడు. కంప్యూటర్ల మీద నేడు విద్యార్థులు చేసే అనుకరణ ప్రయోగాలకు ఇది చేతితో చేసిన తొలి రూపాల్లో ఒకటి.

అదే కాలంలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడు కాబోతున్న రోనాల్డ్ ఫిషర్ 1912లో, 22 ఏళ్ల వయసులో, ప్రచురించిన తొలి వ్యాసంలోనే ఒక కొత్త అంచనా పద్ధతికి బీజం ఉంది. పరామితికి ఏ విలువ ఉంటే చేతికి వచ్చిన కొలతలు రావడానికి అత్యధిక అవకాశం ఉంటుందో ఆ విలువనే అంచనాగా తీసుకోవాలన్నది దాని సారాంశం. పదేళ్ల తరువాత, 1922లో, ఆయన దానికి ‘గరిష్ఠ సంభావనీయత’ అన్న అర్థమిచ్చే పేరు పెట్టి పూర్తి సిద్ధాంతంగా తీర్చిదిద్దాడు. గాసెట్ సూత్రానికి లోపించిన గణిత నిరూపణను ఆయనకు రాసి పంపినదీ ఫిషరే.

కలకత్తా విద్యార్థులు

భారతదేశంలో ఈ శాస్త్రం వేళ్లూనుకున్న చోటు కలకత్తా. ప్రశాంత చంద్ర మహలనోబిస్ ప్రెసిడెన్సీ కాలేజీ భౌతికశాస్త్ర విభాగంలో నడిపిన చిన్న ప్రయోగశాల నుంచి 1931 డిసెంబరు 17న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. 1933లో ‘సంఖ్య’ అనే పత్రిక మొదలైంది. 1941లో కలకత్తా విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటిసారిగా గణాంక శాస్త్రంలో స్నాతకోత్తర విద్యను ప్రారంభించింది. ఆ తొలి తరగతుల్లో చేరినవారిలో ఒకరు కల్యంపూడి రాధాకృష్ణరావు.

1920 సెప్టెంబరు 10న నేటి కర్ణాటకలోని హూవిన హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టిన సి.ఆర్. రావు, పోలీసు శాఖలో పనిచేసే తండ్రి బదిలీలతో పాటు గూడూరు, నూజివీడు, నందిగామలలో చదివి, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి గణితంలో ఎం.ఏ. పూర్తిచేశారు. యుద్ధకాలంలో ఉద్యోగం వెదుక్కుంటూ కలకత్తా వెళ్లి, అది దొరక్క, 1941 జనవరిలో మహలనోబిస్ సంస్థలో శిక్షణకు చేరారు. 1943లో కలకత్తా విశ్వవిద్యాలయం ఎం.ఏ.లో ప్రథమ స్థానం పొంది, వెంటనే అక్కడే పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. ఆయన ఆ తరువాతి కాలంలో పలుమార్లు చెప్పిన దాని ప్రకారం, నమూనా చాలా పెద్దదైనప్పుడు అంచనాలోని పొరపాటుకు ఒక కనిష్ఠ హద్దు ఉంటుందన్న ఫిషర్ ఫలితాన్ని తరగతిలో వివరిస్తుండగా, వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి లేచి, నమూనా చిన్నదైనప్పుడు కూడా అటువంటి హద్దును ఎందుకు నిరూపించకూడదని అడిగాడు. రావు ఆ రాత్రి కూర్చుని సమాధానం సాధించి, మరునాడు తరగతిలో నిరూపణ రాసి చూపించారు. 1945లో కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయిన ఆయన వ్యాసంలో ఆ ఫలితం చేరింది. అప్పటికి ఆయనకు పీహెచ్‌డీ పట్టా లేదు.

ఈ ఫలితం చెప్పేదేమిటో ఒక విత్తన పరీక్ష ద్వారా వివరించవచ్చు. విత్తన పరీక్షా కేంద్రాల్లో మొలక శాతం తేల్చడానికి మామూలుగా 400 గింజలను, నూరేసి చొప్పున నాలుగు జట్లుగా, మొలకెత్తిస్తారు. వరి విత్తనానికి ధ్రువీకరణ పొందాలంటే కనీసం 80 శాతం మొలక ఉండాలి. ఒక విత్తన రాశిలో నిజంగా 80 శాతం గింజలు మొలిచేవే అయినా, ఎంచుకున్న 400 గింజల్లో సరిగ్గా 320 మొలవాలని లేదు. ఒకసారి 312, మరోసారి 327 రావచ్చు. ఇలా నమూనాకూ నమూనాకూ మధ్య అంచనా ఎంతగా మారుతుందో తెలిపే కొలతను విస్తృతి అనీ, దాని వర్గమూలాన్ని ప్రామాణిక విచలనం అనీ అంటారు. ఈ ఉదాహరణలో ప్రామాణిక విచలనం సరిగ్గా 2 శాతం. గింజలు యాదృచ్ఛికంగా తీసినవై, సూత్రం సగటున నిజమైన విలువనే ఇచ్చేదైతే, ఎంతటి తెలివైన సూత్రం ఉపయోగించినా 400 గింజలతో ఈ రెండు శాతం కంటే తక్కువ విచలనం సాధించడం అసాధ్యమని రావు ఫలితం నిరూపిస్తుంది. పొరపాటును ఒక శాతానికి తగ్గించాలంటే 1,600 గింజలు కావలసిందే. అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదన్న దానికి ప్రకృతి పెట్టిన హద్దు ఇది. స్వీడన్‌కు చెందిన హరాల్డ్ క్రామెర్ 1946లో స్వతంత్రంగా ఇదే ఫలితాన్ని ప్రచురించినందువల్ల దీనికి క్రామెర్-రావు అసమానత అన్న పేరు స్థిరపడింది. ఫ్రాన్సులో మారిస్ ఫ్రెషే 1943లోనే దాదాపు ఇటువంటి ఫలితం ఇచ్చాడు. నేడు రాడార్ సంకేతాల నుంచి విమానం దూరం లెక్కగట్టే ఇంజనీర్లూ, టెలిస్కోపు చిత్రాల నుంచి నక్షత్ర స్థానం నిర్ణయించే ఖగోళ శాస్త్రవేత్తలూ తమ పద్ధతి ఎంత మెరుగైనదో చెప్పడానికి దీనినే కొలబద్దగా వాడుతున్నారు.

ఆ ఒక్క వ్యాసంలోనే మరో రెండు గొప్ప ఆలోచనలు ఉన్నాయి. నమూనాలోని ఉపయోగకరమైన సమాచారాన్నంతటినీ కొన్ని సంఖ్యల్లోకి కుదించగలిగినప్పుడు, ఏ పేలవమైన అంచనా సూత్రాన్నయినా ఆ సంఖ్యల ఆధారంగా మెరుగుపరచవచ్చన్నది మొదటిది. 1947లో డేవిడ్ బ్లాక్‌వెల్ కూడా దీనిని కనుగొన్నందున దీనిని రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం అంటారు. సంభావ్యతా నియమాల మధ్య దూరాన్ని జ్యామితి పద్ధతిలో కొలవవచ్చన్నది రెండోది. ఇది పెరిగి పెద్దదై సమాచార జ్యామితి అనే ప్రత్యేక శాఖగా మారడానికి దశాబ్దాలు పట్టింది. పది పన్నెండు పుటల వ్యాసంలో ఇంత సంపద ఇమిడి ఉండడం విజ్ఞాన చరిత్రలోనే అరుదు.

రావు డాక్టరేట్ పట్టా మాత్రం అనువర్తిత రంగం నుంచే మొదలైంది. సూడాన్‌లోని జెబెల్ మోయా అనే చోట 1911-14 మధ్య జరిగిన తవ్వకాల్లో బయటపడిన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించడానికి కేంబ్రిడ్జి పురావస్తు, మానవశాస్త్ర మ్యూజియం కోరిక మేరకు మహలనోబిస్ 1946లో ఆయనను కేంబ్రిడ్జికి పంపారు. పుర్రె వెడల్పు, ముక్కు ఎత్తు వంటి అనేక కొలతలను ఒకేసారి దృష్టిలో పెట్టుకుని రెండు జనసమూహాల మధ్య ఎంత ఎడం ఉందో ఒక్క సంఖ్యలో చెప్పే మహలనోబిస్ దూరం అనే పద్ధతి అందుకు పనిముట్టు. పగలు మ్యూజియంలో ఎముకల లెక్కలు, మిగతా వేళల్లో ఫిషర్ ప్రయోగశాలలో ఎలుకల జన్యు ప్రయోగాలు చేస్తూ 1948లో ఆయన ఫిషర్ పర్యవేక్షణలో పట్టా పొందారు. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ఆయనకు లభించింది. అదే ఏడాది ఆగస్టు 22న, 102 ఏళ్ల వయసులో, ఆయన కన్నుమూశారు.

ప్రశ్న అడిగిన దండేకర్ కథా ఇక్కడితో ఆగలేదు. పుణే కేంద్రంగా అర్థశాస్త్రవేత్తగా ఎదిగిన ఆయన, నీలకంఠ రథ్‌తో కలిసి 1971లో వెలువరించిన ‘పావర్టీ ఇన్ ఇండియా’ అధ్యయనంలో రోజుకు 2,250 కేలరీల ఆహారాన్ని ఆధారంగా తీసుకుని, 1960-61 ధరల ప్రకారం నెలకు తలకు గ్రామాల్లో 15 రూపాయలు, పట్టణాల్లో 22 రూపాయల 50 పైసలు కనీస వ్యయంగా నిర్ణయించి, గ్రామీణుల్లో సుమారు 40 శాతం, పట్టణవాసుల్లో సుమారు 50 శాతం ఆ గీతకు దిగువన ఉన్నారని తేల్చారు. దేశంలో దారిద్ర్య రేఖపై నేటికీ సాగుతున్న చర్చల్లో ఈ పుస్తకం ఒక మైలురాయి. గీత ఎక్కడ గీయాలన్నది నిర్ణయం, దాని దిగువన ఎందరున్నారన్నది అంచనా. ఈ రెంటినీ కలిపేసి వాదించడం ఆ చర్చలకు ఎప్పుడూ మేలు చేయలేదు.

కలకత్తా సంస్థలో రావు శిష్యుడైన దేవవ్రత బసు 1971లో ఒక ఊహాత్మక ఉదాహరణ ద్వారా ఈ రంగానికి గట్టి హెచ్చరిక చేశాడు. ఒక సర్కస్ యజమాని తన 50 ఏనుగుల మొత్తం బరువు తెలుసుకోదలచి, సగటు బరువు ఉండే సాంబో అనే ఏనుగును తూచి 50తో గుణిస్తే చాలనుకుంటాడు. గణాంక నిపుణుడు యాదృచ్ఛికత ఉండాలని పట్టుబట్టి, సాంబోకు 100లో 99 వంతుల అవకాశం, మిగతా ఒక్కో ఏనుగుకు 4,900లో ఒక వంతు అవకాశం ఇచ్చి చీటీ తీయిస్తాడు. సాంబోయే వచ్చినప్పుడు, పక్షపాతం లేని సూత్రంగా పేరున్న హార్విట్జ్-థాంప్సన్ సూత్రం ప్రకారం మంద మొత్తం బరువు సాంబో బరువుకు 100/99 రెట్లు, అంటే ఒక్క ఏనుగు బరువుకన్నా కొంచెమే ఎక్కువ అని తేలుతుంది. పెద్ద ఏనుగు జంబో వచ్చి ఉంటే దాని బరువును 4,900తో గుణించవలసి వచ్చేది. లెక్కలేనన్ని సార్లు చీటీ తీస్తే సగటు సరిగానే ఉంటుంది, కానీ తీసేది ఒక్కసారే. సూత్రానికి ఒక మంచి గుణం ఉన్నంత మాత్రాన దాని ఫలితాన్ని కళ్లు మూసుకుని అంగీకరించకూడదని ప్రతి విద్యార్థీ నేర్చుకోవలసిన పాఠం ఇందులో ఉంది.

పొలంలో ఐదు మీటర్ల తాడు

తెలుగు ప్రాంతాల రైతులకు అంచనా శాస్త్రం ప్రత్యక్షంగా ఎదురయ్యేది పంటకోత ప్రయోగంలో. పంటల దిగుబడి లెక్కలూ, 2016లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన పరిహారాలూ ప్రధానంగా ఈ ప్రయోగాల మీద ఆధారపడతాయి. గ్రామంలోని సర్వే నంబర్ల నుంచి యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక ప్రకారం ఒక పొలాన్ని ఎంచుకుంటారు. పొలం నైరుతి మూల నుంచి, మళ్లీ యాదృచ్ఛికంగా వచ్చినన్ని అడుగులు పొడవునా, వెడల్పునా నడిచి, అక్కడ ఒక మేకు దిగ్గొట్టి, 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉన్న చతురస్రాన్ని తాడుతో గుర్తిస్తారు. మూలలు సరిగా లంబంగా ఉన్నాయో లేదో తెలియడానికి కర్ణం కొలుస్తారు, అది 7.07 మీటర్లు ఉండాలి. గీత లోపల వేళ్లున్న మొక్కలను మాత్రమే కోసి, నూర్చి, తూర్పారబట్టి, తూచి, కొంత గింజను ఎండబెట్టి తేమ తగ్గాక మళ్లీ తూస్తారు. 25 చదరపు మీటర్లు హెక్టారులో 400వ వంతు కాబట్టి, ఆ మడిలో వచ్చిన ప్రతి కిలో ధాన్యం హెక్టారుకు 400 కిలోలుగా లెక్కకు వస్తుంది. తూకంలో వంద గ్రాముల తేడా హెక్టారుకు 40 కిలోల తేడా అవుతుంది.

ఈ మడి ఎంత పెద్దదిగా ఉండాలన్న దానిపై స్వాతంత్ర్యానికి కాస్త ముందు పెద్ద వివాదమే నడిచింది. 1920లలో బిహార్-ఒరిస్సాలో జె.ఎ. హబ్బాక్ అనే ఐసీఎస్ అధికారి చిన్న చిన్న మడులు కోయించి వరి దిగుబడి తేల్చే పద్ధతి ప్రవేశపెట్టాడు. ఆ తరువాత బెంగాల్‌లో జనప పంటపై భారీ సర్వేలు నడిపిన మహలనోబిస్, మడులు చిన్నవైతే తక్కువ ఖర్చుతో ఎక్కువ చోట్ల కోయవచ్చని వాదించారు. లండన్‌లో పట్టా పొంది వచ్చి భారత వ్యవసాయ పరిశోధన మండలిలో గణాంక విభాగాన్ని నిర్మించిన పి.వి. సుఖాత్మే, చిన్న మడులు దిగుబడిని ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తాయని ప్రయోగాలతో చూపారు. కారణం గీత దగ్గరి మొక్కలు. సగం లోపల, సగం బయట ఉన్న దుబ్బు కనిపించినప్పుడు కోసేవాడి చెయ్యి దానిని లోపలికే చేర్చుకుంటుంది. ప్రతి వైపునా 5 సెంటీమీటర్లు ఇలా బయటికి జరిగిందనుకుంటే, 5 మీటర్ల మడి 5.1 మీటర్లదై విస్తీర్ణం 4 శాతం పెరుగుతుంది. ఒక మీటరు మడి అయితే 1.1 మీటర్లదై విస్తీర్ణం 21 శాతం పెరుగుతుంది. ఎన్ని వేల చిన్న మడులు కోసినా ఈ తప్పు తగ్గదు, ఎందుకంటే ఇది యాదృచ్ఛికంగా అటూ ఇటూ పడే పొరపాటు కాదు, ఒకే దిక్కుకు లాగే పక్షపాతం. నమూనా పరిమాణం పెంచి తగ్గించగలిగే పొరపాటుకూ, ఎంత పెంచినా తగ్గని పొరపాటుకూ మధ్య ఉన్న ఈ భేదం అనువర్తిత పరిశోధనకు ప్రాణం వంటిది. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఉపగ్రహ చిత్రాల నుంచి దిగుబడి లెక్కగట్టడంపై నేడు జరుగుతున్న విద్యార్థి పరిశోధనలు కూడా చివరికి తమ ఫలితాలను ఈ తాడు కొలతలతోనే సరిచూసుకోవలసి వస్తుంది; ఆ కొలత తప్పితే ఉపగ్రహ లెక్కా తప్పినట్టే.

ఇతర రంగాలు

ఖగోళశాస్త్రంలో విద్యార్థి పరిశోధన సాధించిన గొప్ప అంచనా సిసీలియా పేన్‌ది. ఇంగ్లండ్ నుంచి 1923లో హార్వర్డ్ అబ్జర్వేటరీకి వచ్చిన ఆమె, నక్షత్రాల కాంతిలోని చీకటి గీతలను మేఘనాద్ సాహా 1920లో రూపొందించిన అయనీకరణ సమీకరణం ఆధారంగా విశ్లేషించి, నక్షత్రాల్లో ఏ మూలకం ఎంత ఉందో లెక్కగట్టింది. సిలికాన్, కార్బన్ వంటివి భూమి మీద ఉన్న నిష్పత్తుల్లోనే వచ్చాయి. హైడ్రోజన్ మాత్రం లోహాలకంటే లక్షల రెట్లు ఎక్కువగా తేలింది. సూర్యుడూ భూమీ ఒకే పదార్థంతో తయారయ్యాయని అంతా నమ్ముతున్న కాలమది. ప్రిన్స్‌టన్‌కు చెందిన హెన్రీ నారిస్ రస్సెల్ ఆ ఫలితం అసాధ్యమని అభిప్రాయపడడంతో, 1925లో రాడ్‌క్లిఫ్ కాలేజీకి సమర్పించిన పరిశోధన గ్రంథంలో ఆమె తన హైడ్రోజన్ అంచనా వాస్తవం కాకపోవచ్చని రాసుకోవలసి వచ్చింది. నాలుగేళ్లకు రస్సెల్ తానే వేరే మార్గంలో అదే ఫలితానికి చేరుకుని, ఆమె పనిని ప్రస్తావిస్తూ ప్రచురించాడు. కలకత్తా విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే బోధించిన ఒక భారతీయుడి సమీకరణం, పాతికేళ్ల విద్యార్థిని లెక్క కలిసి విశ్వంలో అత్యధికంగా ఉన్న మూలకం ఏదో చెప్పాయి. మార్గదర్శకుల నమ్మకానికి భిన్నంగా అంచనా వచ్చినప్పుడు సరిచూడవలసింది లెక్కనే గాని అంచనాను వెనక్కి తీసుకోవడం సరికాదని ఈ ఉదంతం చెబుతుంది; పరిశోధక విద్యార్థులకు నేటికీ ఇటువంటి ఒత్తిడి తప్పడం లేదు.

భౌతికశాస్త్రంలో ఐన్‌స్టీన్ 1905లో జ్యూరిక్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన గ్రంథం చక్కెర ద్రావణం చిక్కదనం నుంచి అణువుల పరిమాణాన్నీ, అవగాడ్రో సంఖ్యనూ అంచనా వేసింది. అందులో ఒక లెక్క తప్పింది. ప్రయోగాలతో పొసగకపోవడంతో 1910-11లో లుడ్విగ్ హాప్ఫ్ ఆ తప్పును పట్టుకున్నాడు, సవరించిన అంచనా నేటి విలువకు చాలా దగ్గరగా వచ్చింది. ఆర్థిక రంగంలో లూయీ బషెలియే 1900లో పారిస్‌లో సమర్పించిన పరిశోధన గ్రంథం స్టాక్ మార్కెట్ ధరల కదలికలను యాదృచ్ఛిక నడకగా విశ్లేషించిన తొలి ప్రయత్నాల్లో ఒకటి. దాని విలువ గుర్తించడానికి అర్ధశతాబ్దం పట్టింది.

వైద్యరంగంలో సమస్య మరో రకమైనది. ఒక చికిత్స తరువాత రోగులు ఎంతకాలం జీవిస్తున్నారో తేల్చాలంటే అందరి మరణం దాకా ఆగడం కుదరదు. కొందరు ఊరు మారి కనబడకుండా పోతారు, కొందరు అధ్యయనం ముగిసేనాటికి బతికే ఉంటారు. వారిని లెక్కలోంచి తీసేస్తే చికిత్స అన్యాయంగా బలహీనంగా కనిపిస్తుంది. ప్రిన్స్‌టన్‌లో జాన్ టూకీ శిష్యులైన ఎడ్వర్డ్ కాప్లాన్, పాల్ మేయర్‌లలో ఒకరు టెలిఫోన్ కేబుళ్లలోని వాక్యూమ్ ట్యూబుల మన్నికపై, మరొకరు వైద్య సమాచారంపై పనిచేస్తూ విడివిడిగా ఒకే పరిష్కారానికి చేరారు. ప్రతి మరణం సంభవించిన నాటికి ఇంకా పరిశీలనలో ఉన్నవారెందరో చూసి, ఆ అంచె దాటి బతికే సంభావ్యతను లెక్కించి, అంచెలన్నింటి సంభావ్యతలనూ గుణించుకుంటూ పోవడమే ఆ పద్ధతి. సంపాదకుల సూచనతో ఇద్దరి వ్యాసాలూ ఒకటై 1958లో వెలువడ్డాయి. క్యాన్సర్, గుండె జబ్బుల పరిశోధనల్లో మెట్లు మెట్లుగా దిగే గీతగా కనిపించేది ఈ అంచనాయే. వైద్య విద్యార్థుల సిద్ధాంత గ్రంథాల్లో అది లేనివి ఇప్పుడు తక్కువ.

నీటిపారుదల ఇంజనీరింగ్‌లో వరదల అంచనా తెలుగు ప్రాంతాలకు నేరుగా తగిలే విషయం. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. ఆనకట్టలు, కరకట్టలు కట్టేవారు వాడే ‘వందేళ్ల వరద’ అన్న మాట వందేళ్లకు ఒకసారే వస్తుందన్న భరోసా ఇవ్వదు. ఏ ఏడాదైనా అంతటి వరద రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉందని మాత్రమే చెబుతుంది. ఆ లెక్కన 30 ఏళ్లలో ఒక్కసారైనా అది వచ్చే అవకాశం 26 శాతం, 50 ఏళ్లలో 39 శాతం. పైగా నలభై, యాభై ఏళ్ల రికార్డు నుంచి వందేళ్ల వరదను లెక్కగట్టేటప్పుడు చూసినదానికి అవతల ఉన్నదాన్ని ఊహించవలసి వస్తుంది కాబట్టి ఆ అంచనా చుట్టూ ఉండే పొరపాటు పరిధి చాలా విశాలంగా ఉంటుంది. ఎం.టెక్. ప్రాజెక్టుల్లో ఒకే సంఖ్య ఇచ్చి పరిధిని వదిలేయడం ఈ రంగంలో తరచుగా కనిపించే, ప్రమాదకరమైన అలవాటు.

వన్యప్రాణుల లెక్కలో గుర్తించి మళ్లీ పట్టే పద్ధతిని వాడతారు. పులి ఒంటి చారలు ఒక్కో పులికి ఒక్కో తీరుగా ఉంటాయి కాబట్టి కెమెరా చిత్రాలే గుర్తింపు కార్డులు. మొదటి విడతలో 20 పులులు, రెండో విడతలో 15 కనబడి, వాటిలో 10 ముందు చూసినవే అయితే మొత్తం సుమారు 30 ఉంటాయని స్థూలమైన అంచనా. కె. ఉల్లాస్ కారంత్ నాగరహొళె అడవుల్లో ఈ పద్ధతిని పులులకు అన్వయించి 1995లో ప్రచురించారు. నేడు నాగార్జునసాగర్-శ్రీశైలం, అమ్రాబాద్ పులుల అభయారణ్యాల్లో లెక్కలకు కూడా కెమెరాలనే వాడుతున్నారు. ఖరీదైన పరికరాలు లేకుండానూ జీవశాస్త్రంలో మంచి విశ్లేషణ సాధ్యమని 1957లో కలకత్తా సంస్థలో చేరిన జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ తన శిష్యులకు నేర్పాడు. ఆయన వద్ద చదివిన పిఠాపురం వాసి ద్రోణంరాజు కృష్ణారావు, తలంబ్రాల మొక్కగా పేరున్న లాంటానా పూలపై ఏ జాతి సీతాకోకచిలుక ఏ రంగు పువ్వుపై వాలుతుందో లెక్కపెట్టి చేసిన విశ్లేషణ 1960లో నేచర్ పత్రికలో వెలువడింది. దానికి కావలసినవి రెండు కళ్లు, ఒక నోటు పుస్తకం, ఓపిక.

384 మంది

వాణిజ్య, నిర్వహణ, విద్యా శాస్త్రాల్లో మన విశ్వవిద్యాలయాలకు సమర్పించే సిద్ధాంత గ్రంథాల్లో తరచుగా ఎదురయ్యే నమూనా పరిమాణం 384. నూటికి 95 పాళ్ల నమ్మకంతో 5 శాతం మించని పొరపాటు కావాలంటే, అత్యంత అననుకూలమైన సందర్భంలో ఎందరిని అడగాలన్న లెక్క నుంచి వచ్చిన సంఖ్య ఇది: 1.96 వర్గాన్ని 0.25తో గుణించి, 0.05 వర్గంతో భాగిస్తే 384.16 వస్తుంది. లెక్క సరైనదే. అయితే సమష్టిలోని ప్రతి ఒక్కరికీ ఎంపికయ్యే అవకాశం తెలిసి, చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా ఎంచుకున్నప్పుడే అది చెల్లుతుంది. స్నేహితులకూ, బంధువులకూ ఫోనులో ప్రశ్నావళి పంపి 384 జవాబులు వచ్చేదాకా ఆగడం వల్ల 5 శాతం పొరపాటు అన్న మాటకు అర్థమే లేకుండా పోతుంది.

దీనికి చరిత్రలో నిలిచిన ఉదాహరణ 1936 అమెరికా అధ్యక్ష ఎన్నిక. లిటరరీ డైజెస్ట్ పత్రిక ఫోన్లు, కార్లు ఉన్నవారి జాబితాల నుంచి సుమారు కోటి మందికి కార్డులు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు రాబట్టి, లాండన్ అనే అభ్యర్థి గెలుస్తాడని ప్రకటించింది. కానీ ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ ఘన విజయం సాధించాడు. అంతకన్నా ఎన్నో రెట్లు చిన్న నమూనాతో గెలుపును సరిగా చెప్పిన జార్జ్ గాలప్, 1928లో అయోవా విశ్వవిద్యాలయంలో వార్తాపత్రికల పాఠకుల ఆసక్తిని కొలవడంపై పరిశోధన చేసి పట్టా పొందినవాడు. ఎందరిని అడిగారన్నదానికంటే ఎవరిని అడిగారు, ఎవరు జవాబివ్వలేదు అన్నవే ముఖ్యమని ఆ ఎన్నిక తేల్చింది. కంప్యూటర్ ప్యాకేజీలు రావడంతో విశ్లేషణ నిమిషాల పని అయింది. ఏ సమాచారం ఇచ్చినా అవి నాలుగు దశాంశ స్థానాల దాకా జవాబిస్తాయి. అందువల్లనే సమాచారం ఎలా వచ్చిందన్న ప్రశ్న మునుపటికంటే ఎక్కువ అవసరమైంది.

భారతదేశంలో విద్యార్థులకు నేడు మంచి సమాచారం కొరత లేదు. జాతీయ నమూనా సర్వే, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల మూల సమాచారం కుటుంబాల వివరాలు బయటపడని రూపంలో పరిశోధకులకు అందుబాటులో ఉంది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే శోధ్‌గంగ భాండాగారంలో పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలను ఎవరైనా చదవవచ్చు. హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో సి.ఆర్. రావు పేరిట 2007లో ఏర్పడిన గణిత, గణాంక, కంప్యూటర్ శాస్త్రాల ఉన్నత సంస్థ పనిచేస్తోంది. లోపించినది మరొకటి. గ్రంథం దొరుకుతుంది గాని దాని వెనుక ఉన్న కొలతల పట్టిక చాలా సందర్భాల్లో దొరకదు. గాసెట్ అట్టముక్కలతో చేసినట్టు మరొకరు సరిచూసే వీలు లేదు. మూల సమాచారాన్ని వ్యక్తుల వివరాలు తొలగించి గ్రంథంతో పాటే భద్రపరచాలనీ, నమూనాను ఎలా ఎంచుకున్నారో, ఎందరు జవాబు నిరాకరించారో, అంచనాలో పొరపాటు పరిధి ఎంతో మొదటి అధ్యాయంలోనే రాయాలనీ విశ్వవిద్యాలయాలు నియమం పెట్టుకోవాలి. ఆ నియమం వచ్చేవరకు ఎదురుచూడకుండా విద్యార్థులూ మార్గదర్శకులూ తమంతట తామే ఈ పని మొదలుపెట్టాలి.